కడుపుతో ఉన్నా ఆపకూడని మాత్రలు

కడుపుతో ఉన్న కోడలికి టీబీ అని తేలితే, మా ఆత్మకూరు, ఉదయగిరి వైపు చాలా ఇళ్లల్లో జబ్బు కంటే మాత్రలంటేనే ఎక్కువ భయం. అంత వేడి మందులు లోపలి బిడ్డనేం చేస్తాయోనని, పురుడయ్యేదాకా ఆపేద్దామనే పెద్దవాళ్లూ ఉంటారు. ఈ భయం ఎంతవరకు నిజమో తెలియాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ వినాలి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లొదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు దారిలోనే పట్టి వెనక్కి తెప్పించారు. భర్త పోయాక నగలమ్మి మరీ చదివించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పినా వదల్లేదు. సన్యాసంలో కలుస్తానంటే ససేమిరా అన్నారు. చివరికి మామగారి సాయంతో ఆయన మద్రాసులో డాక్టరీ చదివారు.

ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. తనకూ అదే జబ్బు పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. ఆ దెబ్బ ఆయన మనసులోంచి పోలేదు.

1922లో అమెరికా వెళ్లారు. త్వరలోనే వచ్చేస్తారని ఎదురుచూసిన భార్య శేషగిరి గారికి ఆయన మళ్లీ కనిపించలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు తండ్రి మొహం చూడకుండానే పసితనంలో పోయాడు. సుబ్బారావు గారి గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలి కష్టాన్నీ తల్చుకోవాలి కదూ!

హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రిళ్లు చిన్నాచితకా పనులు చేశారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, తర్వాత పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. 1945లో అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. దీనికి ముందు కథ మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టులో ఉన్నదేదో దాన్ని తగ్గిస్తోందని 1931లో చెప్పారు. అదే ఫోలిక్ యాసిడ్. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకీ అది మందయింది. గర్భం నిలిచే ముందు నుంచీ వాడితే బిడ్డ వెన్నుపాములో లోపాలు రాకుండా చాలావరకు కాపాడుతుంది.

అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు తిరిగే మందులూ చేసింది. వాటిలో మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కి, కీళ్లవాతానికి వాడతారు. గర్భిణి మాత్రం దాన్ని అసలు ముట్టకూడదు. 1948లో అక్కడినుంచే వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతిది. కడుపులో బిడ్డ పళ్లకు మచ్చ తెస్తుంది. ఆ ఏడాది ఆగస్టులోనే, యాభై మూడేళ్లకు, ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

పదమూడేళ్ల తర్వాత, 1961లో, అదే లెడర్లీ నుంచి ఇథాంబుటాల్ వచ్చింది. టీబీకి ఇచ్చే నాలుగు ముఖ్యమైన మందుల్లో అదొకటి.

చూశారా, ఒక్క చోట పుట్టిన మందుల్లోనే గర్భిణికి కావలసినదీ ఉంది, విషమయ్యేదీ ఉంది. కడుపుతో ఉంటే ఏ మందూ పడదనడం ఎంత తప్పో, ఏదైనా ఫర్వాలేదనడమూ అంతే తప్పు.

మామూలు టీబీకిచ్చే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్... ఈ నాలుగింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ప్రభుత్వ కార్యక్రమం గర్భిణులకూ వాడిస్తున్నాయి. స్ట్రెప్టోమైసిన్ సూది మాత్రం వద్దు, బిడ్డ చెవులకు ముప్పు. ఐసోనియాజిడ్‌తో పాటు బీ6 విటమిన్ తప్పనిసరి. మూత్రం ఎర్రగా వస్తే హడలిపోకండి, అది రిఫాంపిసిన్ రంగు. మొండి టీబీ అయితే మందులు వేరు, పెద్ద డాక్టరే తేల్చాలి. కడుపుతో ఉన్న సంగతి మొదటిరోజే చెప్పాలి. కామెర్లు, ఆగని వాంతులు, చూపు మసకబారడం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికెళ్లాలి.

చనుబాలూ మాన్పించనక్కర్లేదు. పాలలోకి వెళ్లే మందు కొంచెమే, బిడ్డకు హాని చెయ్యదు. అయితే జబ్బు రాకుండా కాపాడటానికి అది చాలదు. కాబట్టి బిడ్డను డాక్టరుకి చూపించి విడిగా మందు అడగాలి. తెమడలో క్రిములున్నంతకాలం తల్లి మూతికి మాస్కు కట్టుకుని పాలివ్వాలి.

ఇంకో మాట. ఆత్మకూరులో కాపురమున్న పిల్ల పురిటికి ఉదయగిరి పుట్టింటికొస్తే మాత్రల చీటీ కూడా వెంట రావాలి. ఆరు నెలల కోర్సు మధ్యలో తెగకూడదు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో చెబితే ఉచితంగానే కొనసాగిస్తారు. మాత్రలు వేసుకోవడం కంటే మానెయ్యడమే తల్లికీ బిడ్డకీ ప్రమాదం.