దంతవైద్యమునకు గౌరవము తెచ్చిన హల్లిహెన్

శాస్త్రము మహానగరములందే వర్ధిల్లునని తలచువారు సైమన్ హల్లిహెన్ చరిత్రమును తప్పక తెలిసికొనవలెనని మా యభిప్రాయము. పుచ్చిన పంటిని పెరకుటయే దంతవైద్యుని పని యని లోకము భావించుచుండిన దినములలో, దవడయెముకను కోసి సరియైన చోట నిలుపవచ్చునని నిరూపించిన మహనీయు డీతడు.

హల్లిహెన్ 1810వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. బాల్యమున సున్నపుబట్టీలో పడి, పాదములు కాలి, చిరకాలము మంచము పట్టెను. తరువాత ఓహియో నదీతీరమందలి వీలింగు పట్టణమున స్థిరపడి, దంతవైద్యమును శస్త్రవైద్యమును కలిపి సాగించెను. ఆ పట్టణ మప్పుడు వర్జీనియాలోనిది. 1863లో ఏర్పడిన పశ్చిమ వర్జీనియాలో చేరినది. గ్రహణమొఱ్ఱి, చీలిన అంగిలి, కంటిశుక్లములు మొదలగు వానికి ఆయన చేసిన చికిత్సలు వేయికి మించినవని చెప్పుదురు.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చిన చికిత్సావృత్తాంతము 1849లో ప్రకటితమైనది. రోగి ఇరువదియేండ్ల యువతి. అయిదవయేట కంఠము కాలగా, ఆ మచ్చ బిగిసి తలను వంచివైచెను. పెరుగు వయస్సున అది ఎడతెగక లాగుటచే క్రిందిదవడ అంగుళమునకు పైగా ముందునకు సాగెను. పెదవులు కలియవు, నోట లాలాజలము నిలువదు, తల త్రిప్పుటకు వీలులేదు. అంతకు పూర్వము కంఠమునకు జరిగిన చికిత్సలు ఫలింపలేదు.

హల్లిహెన్ బుద్ధివిశేష మిచ్చట వ్యక్తమైనది. మచ్చను విడిపించినంత మాత్రమున, సాగిపోయిన ఎముక వెనుకకు రాదని ఆయన గ్రహించెను. కావున మొదట దవడను, పిమ్మట కంఠమును, తుదకు పెదవిని సరిదిద్ద నిశ్చయించెను. దవడకు ఇరువైపుల త్రికోణాకారముగా ఎముకముక్కలను తొలగించి, ముందరి పండ్లతో కూడిన భాగమును అడుగున అడ్డముగా కోసి, వెనుకకు జరిపెను. అది కదలకుండ నిలుచు టెట్లు? మైనముతో పలువరుస అచ్చు తీసి, దానికి సరిపోవు వెండిరేకును తొడిగి బిగించెను. శస్త్రవైద్యుని కత్తికి దంతవైద్యుని అచ్చు తోడుపడనిచో ఈ కార్యము నెరవేరెడిది కాదు. పిదప భుజమునుండి చర్మమును తెచ్చి కంఠమున కతికి, పెదవిని చక్కజేసెను.

1850లో బిషప్ రిచర్డ్ వేలన్‌తో కలిసి హల్లిహెన్ వీలింగున వైద్యశాలను నెలకొల్పెను. 1857లో, నలువదియారేండ్ల ప్రాయముననే, కాలధర్మము నొందెను.

ఆయన మార్గమున తరువాతివారు చాలదూరము సాగిరి. 1957లో ట్రానర్, ఒబ్వెగెసర్ అను వైద్యులు క్రిందిదవడను ఇరువైపుల రెండు పొరలుగా చీల్చి జరుపు విధానమును ప్రకటించిరి. నేడు పైదవడనుకూడ కోసి జరుపుచున్నారు. నోటిలోపలినుండియే ఎముకను కోసి, టైటానియము రేకులతో, మరలతో బిగించుచున్నారు. తీగెలతో పలువరుసను ముందుగా తీర్చుటయు సామాన్యమైనది. సాధనములు మారినవి కాని, పండ్ల పొందికను కొలిచి, ఎముకను కోసి, కుదురువరకు కదలకుండ నిలుపవలెనను సూత్రము మారలేదు.

ఇట్టి చికిత్స కేవలము అందముకొర కని తేలికగా మాటలాడువారు మనలో నున్నారు. నమలుట, పలుకుట, నోరు మూయుట, కొందరికి నిద్రలో ఊపిరి తీయుటయు దవడల పొందికపై ఆధారపడియున్నవి. వీనికి నోచుకొనని మనుష్యుని బాధను విలాసమని పరిహసించుట న్యాయము కాదు. శస్త్రచికిత్స అందరికి అవసరము కాదు; అందు అపాయములును కలవు. కాని అవసరమైనవారు సిగ్గుచేతనో, పరిహాసభయము చేతనో వైద్యునియొద్దకు పోకుండుట తగదు. అట్టివారిని ఇంటివారే ముందుగా ప్రోత్సహింపవలెనని మేము కోరుచున్నాము.