పాకశాలకు మర్యాద నేర్పిన ఎస్కోఫియే

ఆగస్ట్ ఎస్కోఫియే 1846 అక్టోబరు 28న ఫ్రాన్సు దేశమందలి విల్నవ్ లూబే గ్రామంలో జన్మించాడు. శిల్పి కావలెనన్నది అతని కోరిక. కాని పదమూడవ యేట నీస్ నగరంలో తండ్రి సోదరుని భోజనశాలలో పనికి చేరవలసి వచ్చింది. ఆనాటి వంటశాలలు పొగకూ, కేకలకూ, మద్యపానానికీ నిలయాలు. వంటవానికి సంఘంలో గౌరవం లేదు.

1890లో లండన్ నగరంలోని సవాయ్ హోటల్ పాకశాలకు అధిపతియై, అతడు తాగుడునూ తిట్లనూ మాన్పించి, పనిని విభాగాలుగా పంచాడు. పలువురి చేతులమీదుగా సిద్ధమైన వంటకం చల్లారకముందే అతిథిని చేరేది. 1898లో ఆ కొలువు పోయినా, పారిస్‌లోని రిట్జ్, లండన్‌లోని కార్ల్‌టన్ పాకశాలలను తీర్చిదిద్దాడు.

సంపన్నులకు విందులు వండిన ఆ చేయే 1910లో దారిద్ర్య నిర్మూలనకై పరస్పర సహాయ పథకాన్ని ప్రతిపాదిస్తూ పుస్తకం వ్రాసింది. అతడు 1935 ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. భోజనశాల వైభవానికి మూలం తలుపు వెనుక శ్రమించే వాని ఆత్మగౌరవమేనని అతని జీవితం తెలుపుతున్నది.