కిమోను: సమాఖ్యకు కావలి

ప్రాచీన గ్రీసుదేశపు నావికాసేనానులలో కిమోను అగ్రగణ్యుడు. క్రీ. పూ. 490లో మారథానున పారసీకుల నోడించిన మిల్టియాడీసు ఈతని తండ్రి. ఆ వీరుడే పిమ్మట 50 టాలెంట్ల జరిమానాకు లోనై మరణింపగా, కుమారుడు ఆ ఋణమును తీర్చెను.

క్రీ. పూ. 478లో ఏథెన్సు నాయకత్వమున ద్వీపములును తీరపట్టణములును పారసీకుల నెదుర్చుటకై సమాఖ్యగా నేర్పడెను. కొందఱు ఓడలను, కొందఱు ధనమును ఈయవలెను. మొదటి చందా ఏటికి 460 టాలెంట్లు. బొక్కసము డీలోసు ద్వీపమున నుండెను. ఇనుపముద్దలను సముద్రమున ముంచి ప్రమాణము చేసిరి. ఈ సమాఖ్య సేనలను చిరకాలము నడపినవాడు కిమోనే. క్రీ. పూ. 466 ప్రాంతమున యూరిమెడోను నదియొద్ద పారసీకులను నీటను, నేలను గూడ నోడించెను.

అంతకుముందే నాక్సోసు సమాఖ్యను వీడగోరగా ఏథెన్సు దానిని ముట్టడించి లోబఱచెను. స్థిరపడిన మర్యాదకు విరుద్ధముగా స్వాతంత్ర్యము కోల్పోయిన మొదటి మిత్రరాజ్యము అదియేయని థ్యూసిడిడీసు వ్రాసియున్నాడు. నాక్సోసు చేసినది ప్రమాణభంగమే. ఒకరు తప్పుకొన్నచో వారి భారము తక్కినవారిపై బడును. ఈ మాట మేమును కాదనము. కాని తప్పును నిర్ణయించువాడును, శిక్షించువాడును, శిక్షవలన లాభము పొందువాడును ఒక్కడే యైనచో అది న్యాయమగునా? క్రీ. పూ. 465లో థాసోసుతో వచ్చిన తగవు దీనికి సాక్ష్యము. ఎదుటి తీరమునందలి విపణులు, ఒక గని దానికి మూలము. ఉమ్మడి విధికిని దానికిని సంబంధ మెక్కడ? అయినను కిమోను సమాఖ్య పేరిట పోరి, మూడవయేట ఆ దీవిని లొంగదీసెను. గోడలు కూలెను, ఓడలు, గని ఏథెన్సు పాలయ్యెను. కంచెయే చేను మేసినది.

బలాత్కారముకంటె ఈతని సౌమ్యతయే మిత్రులకు ఎక్కువ కీడు చేసెను. ఇతర సేనానులు సేవకు రానివారిని దండించుచుండగా, కిమోను వారి యిష్టప్రకారము ధనమును, ఖాళీ ఓడలను పుచ్చుకొని, వారిని పొలముల కడను వర్తకముల కడను సుఖముగా నుండనిచ్చెను. ఆ ధనముతో ఏథెన్సువారు తెడ్లు పట్ట నేర్చిరి; మిత్రులు మఱచిరి. కొన్నియేండ్లకు ఎదిరింపదలచినను వారికి ఓడలును లేవు, నావికులును లేరు. కిమోను దీనిని ముందే యెఱిగి చేసెనా యనునది నేటికిని వివాదాస్పదమే.

థాసోసువారు స్పార్టాను శరణు వేడగా, అది రహస్యముగా సాయము వాగ్దానము చేసెను. ఇంతలో భూకంపమును, దాసుల తిరుగుబాటును దానిని చుట్టుముట్టెను. ఆ స్పార్టాకే క్రీ. పూ. 462లో కిమోను 4,000 మంది భటులతో సాయము వెళ్లెను. స్పార్టా అనుమానించి వారిని వెనుకకు పంపివేసెను. మరుసటియేట ఏథెన్సు పౌరులు పెంకుల వోటుచే కిమోనును దేశమునుండి వెడలగొట్టిరి. క్రీ. పూ. 454లో బొక్కసము డీలోసునుండి ఏథెన్సుకు తరలెను. కిమోను తిరిగివచ్చి, క్రీ. పూ. 450 ప్రాంతమున సైప్రసులోని కిటియోను ముట్టడిలో, పారసీకులపై సమాఖ్య ఓడలను నడపుచునే కన్నుమూసెను.