తొట్టి వంచిన డాక్టరు

బెంగళూరు కంటోన్మెంటులో 1883లో ఒక కుర్ర డాక్టరు కాపురముండేవారు. బంగళా బాగానే ఉంది గానీ దోమల బాధ విపరీతంగా ఉంది. పక్క ఇళ్లలో లేనన్ని దోమలు తన గదిలోనే ఎందుకున్నాయని వెతికితే, కిటికీ బయట ఒక నీళ్ల తొట్టి కనబడింది. నిండా సన్నటి పురుగులు గింగిరాలు తిరుగుతున్నాయి. డాక్టరు తొట్టి వంచి నీళ్లు పారబోయించారు. కొద్ది రోజుల్లోనే దోమలు తగ్గాయి. మిగతా చోట్ల ఉన్న తొట్లు కూడా అలాగే ఖాళీ చేయిద్దామని అడిగితే అక్కడి సైనికాధికారి ఒప్పుకోలేదు. ప్రకృతి పద్ధతిలో మనం వేలు పెట్టకూడదన్నది ఆయన వాదన.

ఆ డాక్టరు రోనాల్డ్ రాస్. దోమకూ చలిజ్వరానికీ లంకె ఉందని అప్పటికి ఆయనకూ తెలియదు. తెలుసుకోవడానికి ఇంకో 14 ఏళ్లు పట్టింది. బెంగళూరు, మద్రాసు, ఊటీ, సికింద్రాబాద్, కలకత్తా, ఇలా ఆ 14 ఏళ్ల కథలో మన పాఠకులు చాలామందికి తెలిసిన ఊళ్లే వస్తాయి. అందుకే ఈసారి మనం ఆయన జీవితం చదువుకుందాం.

రాస్ 1857 మే 13న హిమాలయాల దిగువనున్న అల్మోడాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో రాస్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండు పంపించారు. ఆయనకు కవిత్వం, బొమ్మలు, సంగీతం, లెక్కలు ఇష్టం. వైద్యం మీద ఆసక్తి లేదు. తండ్రి మాట కాదనలేక 1874లో లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో వైద్య విద్యార్థిగా చేరారు. చదువు అంతంత మాత్రంగా సాగింది. ఒక పరీక్ష తప్పి, కొన్నాళ్లు ఓడలో డాక్టరుగా తిరిగి, మళ్లీ రాసి గట్టెక్కారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో మద్రాసు విభాగానికి వచ్చారు. గొప్ప శాస్త్రవేత్త అవుతాడని ఆ రోజుల్లో ఎవరూ ఊహించి ఉండరు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి, ఆయన వెతికిన ప్రాణి ఏమిటో చూద్దాం. ఒకే ఒక్క కణంతో బతికే జీవుల్లో ఒక రకాన్ని ప్రోటోజోవా అంటాం. వీటిలో చాలావరకు చెరువుల్లో, మట్టిలో ఎవరి జోలికీ పోకుండా ఉంటాయి. కొన్ని మాత్రం మనుషుల, జంతువుల, పక్షుల ఒంట్లో చేరి వాటి తిండి తిని బతుకుతాయి. అవే పరాన్నజీవులు. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం అలాంటిదే. అది ఎర్ర రక్తకణంలోకి దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ని తిని, జీర్ణం కాని భాగాన్ని నల్లటి రేణువులుగా మిగులుస్తుంది. రాస్‌కి దారి చూపింది ఆ నల్లటి రేణువులే. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో ఒక జ్వర రోగి రక్తంలో ఈ జీవిని మొదటిసారి గుర్తించారు. అయితే అది ఒక మనిషి నుంచి మరో మనిషికి ఎలా చేరుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. చిత్తడి నేలల మీది చెడు గాలే కారణమని చాలామంది నమ్మేవారు. మలేరియా అనే ఇటాలియన్ మాటకు అర్థమే చెడు గాలి.

రాస్ మొదట్లో లావెరాన్ మాట నమ్మలేదు. ఎంత వెతికినా రక్తంలో ఆ జీవి ఆయనకు కనబడలేదు మరి. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు సూక్ష్మదర్శినిలో దాన్ని చూపించారు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో పనిచేసిన రోజుల్లో కనిపెట్టింది ఈ మాన్సనే. మలేరియా జీవి కూడా దోమలోనే పెరుగుతుందేమో చూడమని ఆయన రాస్‌కి చెప్పారు. అయితే దోమలు నీళ్లలో చచ్చిపోతాయనీ, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందనీ మాన్సన్ అనుకున్నారు. సగం ఒప్పు, సగం తప్పు. ఆ సగం తప్పు వల్ల రాస్‌కి చాలా కాలం వృథా అయింది.

1895లో రాస్ సికింద్రాబాద్ చేరి పని మొదలుపెట్టారు. జ్వరం వచ్చినవారిని దోమలతో కుట్టించి, ఆ దోమల్ని కోసి చూసేవారు. దోమలు చచ్చిన నీళ్లు కొందరి చేత తాగించి కూడా చూశారు. ఏదీ తేలలేదు. చుట్టుపక్కల సులువుగా దొరికే బూడిదరంగు దోమల్నీ, చారల దోమల్నీ ఆయన వాడుతున్నారు. మనిషి మలేరియాను మోసే జాతి వేరే ఉందని అప్పటికి తెలియదు. ఇంతలో కలరా పని మీద బెంగళూరు పంపించారు. 1897లో ఊటీ వెళ్లి, దగ్గర్లోని సీగూరు కనుమలో తిరిగితే ఆయనకే మలేరియా వచ్చింది.

ఆ ఏడు జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరారు. బేగంపేటలోని చిన్న ఆస్పత్రిలో పని. ఎండ మండిపోతోంది. పంఖా ఊపిస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని అది కూడా వద్దన్నారు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. కళ్లు లాగేవి. ఆగస్టు నడిమికి ఒక సహాయకుడు సీసాలో కొత్త రకం లార్వాలు తెచ్చారు. వాటినుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు పుట్టాయి. అవి అనాఫిలిస్ జాతివి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఆ దోమలతో కుట్టించుకున్నారు. దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆయనకు డబ్బిచ్చారు.

కుట్టిన దోమలు ఒక్కొక్కటిగా చచ్చిపోతూ వచ్చాయి. కోసినవాటిలో ఏమీ కనబడలేదు. ఆగస్టు 20న మిగిలినవి ఒకటి రెండే. వాటిలో ఒకదాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు కొన్ని కనబడ్డాయి. దోమ ఒంట్లో ఉండాల్సినవి కావవి. లోపల నల్లటి రేణువులున్నాయి. రోగి రక్తంలో కనిపించిన రేణువుల్లాంటివే. మర్నాడు చివరి దోమను కోస్తే కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి దోమలో బతికి, పెరుగుతున్నాయన్న మాట. ఏటా ఆగస్టు 20న మనం ప్రపంచ దోమల దినం జరుపుకునేది అందుకే.

పని సగంలో ఉండగానే పై అధికారులు ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులే అరుదు. చేతికందిన దారి కళ్లముందే మూసుకుపోయింది. మాన్సన్ పట్టుబట్టి మాట్లాడితే 1898 మొదట్లో కలకత్తాలో ఒక ప్రయోగశాల ఇచ్చారు. అక్కడా ప్రయోగానికి తగిన రోగులు దొరకలేదు. అప్పుడు రాస్ పిచ్చుకల వైపు తిరిగారు. పిచ్చుకలకు కూడా ఒక రకం మలేరియా వస్తుంది. అది మనకు అంటదు, మనది వాటికి అంటదు. కానీ రెండూ దగ్గరి చుట్టాలు. పిచ్చుక మలేరియాను మోసేది క్యూలెక్స్ దోమ. రాస్‌కి సహాయకుడు మహమ్మద్ బక్ష్.

పిచ్చుక మలేరియాలో రాస్ కథ చివరిదాకా చూశారు. దోమ పొట్ట గోడలో కణాలు పెరిగి పగులుతాయి. వాటిలోంచి సన్నటి దారప్పోగుల్లాంటి జీవులు వేలల్లో బయటపడతాయి. జులై మొదటి వారంలో అవి దోమ లాలాజల గ్రంథుల్లో చేరి ఉండటం ఆయన కంట పడింది. అక్కడితో ముడి విడిపోయింది. నీళ్లు తాగడం వల్ల కాదు, దోమ కుట్టినప్పుడు లాలాజలంతో పాటు పరాన్నజీవి ఒంట్లోకి దిగుతోంది. ఆరోగ్యంగా ఉన్న 28 పిచ్చుకల్ని ఆ దోమలతో కుట్టిస్తే 22 పిచ్చుకలకు మలేరియా వచ్చింది. మనిషి జబ్బు గుట్టు పిచ్చుక విప్పింది.

మనిషి మలేరియా కూడా అనాఫిలిస్ దోమలో సరిగ్గా ఇలాగే నడుస్తుందని అదే ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ, బిగ్నామీ, బాస్టియానెల్లీ నిరూపించారు. ఘనత ఎవరిదన్న దాని మీద రాస్‌కీ గ్రాసీకీ పెద్ద గొడవే జరిగింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే వచ్చింది. ఆ తరువాత కూడా ఆయన ఆ పగ వదల్లేదు. మనిషి గొప్ప పని చేసినంత మాత్రాన మనసు పెద్దదవుతుందని లేదు. హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్ష్ పేర్లు బహుమతుల జాబితాలో లేవు. ఒకరు జ్వరంతో ఉండి కూడా దోమలకు చెయ్యి చాచారు, ఇంకొకరు పిచ్చుకల్నీ దోమల్నీ సాకారు. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా వారి పేర్లు కూడా మనం చెప్పుకోవాలి.

1899లో రాస్ ఉద్యోగం వదిలి లివర్‌పూల్ వెళ్లి పాఠాలు చెప్పారు. సియెర్రా లియోన్, సూయజ్ కాలువ ఒడ్డునున్న ఇస్మాయిలియా, మారిషస్ తిరిగి మలేరియాను అదుపు చేసే పద్ధతులు చెప్పారు. చిన్నప్పటి లెక్కల ఇష్టం ఇక్కడ అక్కరకొచ్చింది. దోమలన్నిటినీ చంపడం ఎవరి వల్లా కాదు, కాబట్టి ఈ పోరాటం దండగ అని కొందరు అనేవారు. అన్నిటినీ చంపనక్కరలేదని రాస్ లెక్క కట్టి చూపారు. దోమల సంఖ్య ఒక హద్దు కన్నా తగ్గితే చాలు, ఒకరి నుంచి ఒకరికి పాకే అవకాశం తగ్గి జబ్బు దానంతట అదే సన్నగిల్లుతుంది. నేటికీ అంటువ్యాధుల లెక్కలకు పునాదుల్లో ఇదొకటి. 1932 సెప్టెంబరు 16న ఆయన లండన్‌లో కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

జబ్బు మాత్రం పోలేదు. ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల మంది మలేరియాతో చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని చిన్నపిల్లలు. మన దగ్గర పాడేరు, అరకు, కోరాపుట్ వంటి మన్యం ప్రాంతాల వారికి ఈ జ్వరం బాగా తెలుసు. చలి, వణుకుతో జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్త పరీక్ష చేయించుకోవాలి. మందులున్నాయి.

ఈ వారం మన బడిలో ఒక పని చేద్దాం. పూలకుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, మూతలేని ట్యాంకులు వెతుకుదాం. నీళ్లలో లార్వాలు కనబడితే ముందు పరిశీలిద్దాం. నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందికి వేలాడుతూ ఉంటే ఇతర జాతులు. ఎన్ని చోట్ల ఏవి ఉన్నాయో నోటు పుస్తకంలో రాసుకుందాం. తరువాత టీచరు సాయంతో ఆ నీళ్లు పారబోద్దాం, ట్యాంకులకు మూతలు పెట్టిద్దాం. గుడ్డు పెరిగి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి ప్రతి వారం అదే రోజున మళ్లీ చూడాలి. 1883లో బెంగళూరు బంగళా బయట రాస్ వంచింది ఒక్క తొట్టే. మిగతా తొట్లు ఇంకా అలాగే ఉన్నాయి.