తొలి అడుగు వేసిన దుర్గాబాయమ్మ

ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో మన సంఘాలకు పునాది వేసిన పెద్దమ్మలను సన్మానించుకుంటున్నాం. రోజుకో రూపాయి పొదుపు చేద్దాం రమ్మని ఇంటింటికీ తిరిగి, అత్తల చేత, మొగుళ్ల చేత మాటలు పడి కూడా వెనక్కి తగ్గని తల్లులు వీళ్లు. వాళ్లను తలుచుకునే ఈ పుస్తకంలో, వాళ్ల కన్నా ముందు తరంలో ఇలాంటి దారే వేసిన ఒక తెలుగు ఆడబిడ్డ కథ కూడా ఉండాలని అనుకున్నాం. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. పేరు చాలామందిమి విన్నాం. ఆమె చేసిన పనుల్లో మన బతుకులకు తగిలేవి ఎన్ని ఉన్నాయో మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు.

ఎనిమిదేళ్లకు పెళ్లి

దుర్గాబాయమ్మ 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. పెరిగింది కాకినాడలో. ఆ కాలపు ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. బొమ్మలతో ఆడుకునే పిల్లకు పెళ్లంటే ఏం తెలుస్తుంది? ఊహ తెలిసి, కాపురానికి పంపాల్సిన వయసు వచ్చాక, ఈ పెళ్లి తనకు వద్దని చెప్పేసింది. భర్త సుబ్బారావుకు కూడా నెమ్మదిగా నచ్చజెప్పి, వేరే పెళ్లి చేసుకోమంది. తండ్రి, తమ్ముడు ఆమె పక్కనే నిలబడ్డారు. వందేళ్ల కిందట ఒక ఆడపిల్ల అంత మాట అనగలిగిందంటే ఆమె ధైర్యం ఒక్కటే కాదు, ఇంట్లోవాళ్లు ఇచ్చిన అండ కూడా కారణం.

ఈ కథలో ఇంకో ముచ్చట ఉంది. సుబ్బారావు తర్వాత మాయమ్మను పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన చనిపోయారు. భర్త పోయిన మాయమ్మను దుర్గాబాయమ్మ తన దగ్గరికి పిలిపించుకుంది, చేతిపని నేర్పించింది, హైదరాబాదులోని హస్తకళల శిక్షణ కేంద్రంలో టీచరు ఉద్యోగం దొరికేలా చూసింది. సవతి అనాల్సిన మనిషిని తోబుట్టువులా చూసి, సొంత కాళ్ల మీద నిలబెట్టింది.

పన్నెండేళ్ల పిల్ల పట్టుదల

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. ఊళ్లోని దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు ఆయన్ని చూడాలి, ఆయన మాట వినాలి అన్నది ఆ పిల్ల కోరిక. సభ ఏర్పాట్లు చూస్తున్న పెద్దలు 5,000 రూపాయల విరాళం తెస్తే చూద్దామన్నారు. ఆ రోజుల్లో అది కొండంత డబ్బు. దేవదాసీ అక్కలే చేతులు కలిపి ఆ మొత్తం పోగు చేశారు. గాంధీగారు కొద్ది నిమిషాల కోసమని వచ్చి, ఆడవాళ్ల మధ్య చాలాసేపు ఉండిపోయారు. ఒంటి మీది నగలు తీసి ఇచ్చినవాళ్లు ఎందరో. అలా పోగైన విరాళం సుమారు 25,000 రూపాయలు. దుర్గాబాయి కూడా తన చేతి గాజులు తీసి ఇచ్చింది. ఆ రోజు గాంధీగారి ఉపన్యాసాన్ని తెలుగులో చెప్పింది కూడా ఆ చిన్నపిల్లే.

తనకు హిందీ వచ్చు, నలుగురికీ రావాలి అనుకుని కాకినాడలోనే ఆడవాళ్లకు హిందీ పాఠశాల పెట్టింది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన వాకిట్లో వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పోనిచ్చింది. కట్టుబాటు అందరికీ ఒక్కటే అన్నది ఆమె లెక్క. కంతు కట్టే రోజున లీడరుకైనా సభ్యురాలికైనా ఒకటే నియమం అని మన సంఘాల్లో అనుకునేది కూడా ఇదే కదా.

జైలు నేర్పిన పాఠం

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహానికి ముందు నిలిచి జైలుకు వెళ్లింది. 1930 నుంచి 1933 లోపు మూడుసార్లు శిక్ష పడింది. మదురై జైల్లో ఒంటరి గదిలో ఉంచారు. ఆరోగ్యం దెబ్బతింది. కానీ ఆమెను ఎక్కువ కలచివేసింది తన కష్టం కాదు, అక్కడి ఆడ ఖైదీల కష్టం. చదువు రాదు, చట్టం తెలియదు, తమ తరఫున మాట్లాడే దిక్కు లేదు. చేయని నేరానికి శిక్ష పడినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. లా చదవాలని దుర్గాబాయమ్మ అక్కడే నిశ్చయించుకుంది.

అయితే అప్పటికి ఆమె మెట్రిక్ కూడా పాస్ కాలేదు. జైలు నుంచి వచ్చాక మొదటి నుంచీ మొదలుపెట్టింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్ పరీక్ష రాసింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ చేరదామంటే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి సీటు కుదరదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేసి, చదువుకోవాలని ఉన్న అమ్మాయిలను కూడగట్టి, తామే హాస్టలు నడుపుకున్నారు. అప్పుడు సీటూ వచ్చింది, తర్వాతి అమ్మాయిలకు దారీ ఏర్పడింది. ఆపైన మద్రాసులో లా చదివి వకీలు అయ్యింది.

సంఘం కట్టిన చెయ్యి

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. ముందు మైలాపూరులో కొందరు చిన్న ఆడపిల్లలకు ఆటపాటలు, హిందీ నేర్పే చిన్న బృందం. తర్వాత చదువు ఆగిపోయిన స్త్రీలకు మెట్రిక్ పాఠాలు చెప్పారు, చేతిపనులు నేర్పారు. నడుస్తూ నడుస్తూ ఆసుపత్రులు, నర్సుల శిక్షణ, కాలేజీలు వచ్చాయి. హైదరాబాదు విద్యానగర్‌లోని దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి ఆ చెట్టు కొమ్మే.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. 1953లో, అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను ఇష్టపడి పెళ్లాడింది. అప్పటికి ఆమె వయసు 43 ఏళ్లు. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఉంటూ, సేవా సంస్థలకు సాయం చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించేలా చూసింది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమే.

ఆ బోర్డు చేసిన పనుల్లో మనం ముఖ్యంగా చెప్పుకోవలసింది ఒకటి ఉంది. 1958లో మొదలైన కుదించిన చదువు కోర్సులు. చిన్నప్పుడే బడి మానేసిన స్త్రీలకు, వితంతువులకు, భర్త వదిలేసినవాళ్లకు రెండేళ్లలోనే పరీక్షకు సరిపడా చదువు చెప్పేవారు. అలా చదివినవాళ్లు గ్రామసేవికలు, నర్సులు, మంత్రసానులు, టీచర్లు అయ్యారు. ఊళ్లో పనికి మనిషి కావాలి, బతుకుతెరువు లేని ఆడదానికి పని కావాలి. ఈ రెండింటినీ ఒకే ముడి వేసింది దుర్గాబాయమ్మ.

ఆలుమగల తగవులకు వేరే కోర్టులు ఉండాలని 1953లో చైనా వెళ్లి వచ్చిన దగ్గర నుంచీ చెబుతూ వచ్చింది. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేదు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్న దుర్గాబాయమ్మ 1981 మే 9న కన్నుమూసింది. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టారు.

మనం చేయవలసింది

పెద్దమ్మలకు శాలువా కప్పుతాం, పళ్లెంలో చీర పెడతాం. అది బాగానే ఉంటుంది. దానితో పాటు మూడు పనులు చేద్దామని సమాఖ్య తరఫున కోరుతున్నాం.

మొదటిది, ప్రతి గ్రామ సంఘం తమ తొలి సభ్యుల పేర్లు, వాళ్లు పడ్డ కష్టం తీర్మానాల పుస్తకంలో రాయించాలి. వేలిముద్ర వేసిన తల్లి కథ రాసే బాధ్యత చదువుకున్న కూతుళ్లదే.

రెండోది, చదువు మధ్యలో ఆగిన సభ్యులు ఓపెన్ స్కూలులో చేరాలి. ఫీజు కోసం సంఘం నుంచి అంతర్గత అప్పు ఇవ్వవచ్చు. గేదెకు ఇచ్చినప్పుడు పుస్తకానికి ఎందుకు ఇవ్వకూడదు?

మూడోది అన్నింటికన్నా కష్టమైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి 18 ఏళ్లలోపే పెళ్లయింది. ఆ పెళ్లిళ్లు మన వీధుల్లోనే జరుగుతున్నాయి. భోజనానికి మనమూ వెళుతున్నాం. బంధువులతో మాట పడుతుందని నోరు మెదపడం లేదు. దుర్గాబాయమ్మకు తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. అలాంటి అండ దొరకని పిల్లకు సంఘమే పుట్టిల్లు కావాలి. మీ వీధిలో అలాంటి పెళ్లి మాట వినపడితే ముందు తల్లితో కూర్చుని మాట్లాడండి. వినకపోతే 1098కు ఫోన్ చేయండి. వచ్చే నెల మీటింగులో దీన్ని అజెండాలో మొదటి అంశంగా పెట్టి, తీర్మానం రాసి, అందరూ సంతకాలు చేయండి.