పేటను నిలిపిన ప్రభువు

కృష్ణకు ఉత్తరాన ఉన్న నందిగామ, జగ్గయ్యపేటల సీమ మెట్టప్రాంతం. పూర్వం ఇక్కడి సేద్యమంతా వానపైనే ఆధారపడి సాగేది. అయితే మచిలీపట్నం రేవునూ గోలకొండ, హైదరాబాదులనూ కలిపే బాట ఈ సీమ మీదుగా పోయేది. ఆ బాట విలువను గుర్తించి, ఒక చిన్న పల్లెను వర్తక కేంద్రంగా తీర్చిదిద్దిన దూరదర్శి రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు.

ఆయన 1783లో జమీందారీ బాధ్యత స్వీకరించారు. అప్పటికే ఉత్తర సర్కారులలో అధికభాగం ఈస్టిండియా కంపెనీ వశమై ఉంది. జమీందారుకు ప్రధానాదాయం భూమిశిస్తే. వాన కురవని ఏట రైతు శిస్తు చెల్లించలేడు. కంపెనీకి కట్టవలసిన పేష్కషు మాత్రం ఆగదు. 1790-92 నాటి కరవు సర్కారు జిల్లాలకు ఈ సత్యాన్ని కఠినంగా బోధించింది. భూమి ఒక్కటే ఆధారమైనచోట ప్రజకూ ప్రభువుకూ నిశ్చింత లేదు.

పాలేటి సమీపాన బేతవోలు అనే పల్లె ఉండేది. దానికి పడమరన కొద్ది దూరంలోనే నిజాం రాజ్యపు సరిహద్దు. ఇరువైపుల సరుకులు మారడానికి అనువైన చోటది. కాని అక్కడ దొంగల భయం అధికంగా ఉండేదని ప్రతీతి. ప్రాణభయమున్న చోట వర్తకుడు మూట విప్పడు. వేంకటాద్రి నాయుడు ముందుగా దొంగల బెడదను అణచి, ఆ తరువాతే పేట నిర్మాణానికి పూనుకున్నారని చెబుతారు. కొత్త పేటకు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టారు. వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. కాలక్రమాన జగ్గయ్యపేట నందిగామ తాలూకాలో ముఖ్య వ్యాపార స్థలంగా పేరొందింది.

ఆయన నిర్మాణదీక్ష అంతటితో ఆగలేదు. చింతపల్లి నుండి తన నివాసాన్ని అమరావతికి మార్చి, అక్కడ నూతన పట్టణం వెలయించారు. మంగళగిరి ఆలయానికి పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించారు. అయితే అమరావతి నిర్మాణంలో ప్రాచీన బౌద్ధస్తూపపు ఇటుకలు, రాళ్లు తరలిపోవడం చరిత్రకు తీరని నష్టం. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లిన పిదపనే ఆ స్తూపం ప్రాముఖ్యం లోకానికి తెలిసింది.

1816లో వేంకటాద్రి నాయుడు మరణించారు. ఆయన దత్తపుత్రులిద్దరి మధ్య వారసత్వ వివాదం చెలరేగి, లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు వెళ్లింది. మొదటి దత్తుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదని 1840ల దశకంలో తీర్పు వెలువడింది. దీర్ఘకాలపు వ్యాజ్యాలతో ఆ మహా సంస్థానం క్షీణించింది.

సంస్థానం పోయినా పేట నిలిచింది. జమీందారీ ఒక్క కుటుంబానిది. పేట మాత్రం వేలమంది శ్రమతో, నమ్మకంతో పెరిగినది. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట మీదుగా నేటికీ హైదరాబాదు, మచిలీపట్నం రహదారి సాగుతున్నది. పదిమందికి బ్రతుకుతెరువు చూపిన ఆలోచనే దానిని తలపెట్టిన వాని తరువాత కూడా ఫలిస్తుందని వేంకటాద్రి నాయుని జీవితం తెలుపుతున్నది.