ఒక వంటవాని గ్రంథం

కావ్యాన్ని చదివేవాడు రసం కోసం చదువుతాడు. చరిత్రను చదివేవాడు తెలుసుకోవడానికి చదువుతాడు. వడ్రంగం, అద్దకం, వంట, సేనలకు సరఫరా వంటి విషయాలపై వెలువడిన పుస్తకాలను చదివే పాఠకుడు వేరు. అతడు పుస్తకాన్ని పక్కన తెరచి పెట్టుకొని, చేతులతో పని చేస్తూ చదువుతాడు. చెప్పినట్లు చేస్తే చెప్పిన ఫలితం వస్తుందా, రాదా? అతనికి కావలసినది అంతే. ఈ పరీక్షకు నిలిచిన గ్రంథాలు తక్కువ. సాహిత్య చరిత్రలు వాటిని పట్టించుకోవడం మరింత తక్కువ. అటువంటి ఒక గ్రంథాన్ని వ్రాసినవాడు ఫ్రాన్సు దేశపు మిఠాయి వర్తకుడు నికొలా అపేర్.

అపేర్ 1749 నవంబరు 17వ తేదీన ఫ్రాన్సులోని షాలోన్ పట్టణంలో జన్మించాడు. షాంపేన్ అనే ద్రాక్షాసవానికి ప్రసిద్ధి చెందిన ప్రాంతమది. తండ్రి పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. బాలుడైన అపేర్‌కు పాఠశాల కంటె వంటశాల, ద్రాక్షాసవపు నేలమాళిగ ఎక్కువ పాఠాలు నేర్పాయి. సీసాను నింపడం, బిరడాను బిగించడం, తీగతో కట్టడం ఆ ప్రాంతంలో నిత్యకృత్యాలు. చిన్ననాడు చూచిన ఈ పనులు ఆయనకు ఏబది ఏండ్ల తరువాత అక్కరకు వచ్చాయి.

యౌవనంలో ఆయన ఒక జర్మన్ సంస్థానాధీశుని కొలువులో వంటవాడుగా పనిచేశాడు. ఆ తరువాత పారిస్ నగరానికి చేరి, లోంబార్ వీధిలో మిఠాయి అంగడి తెరిచాడు. 1789లో ఫ్రెంచి విప్లవం చెలరేగింది. అపేర్ విప్లవాన్ని సమర్థించి, అందులో పాల్గొన్నాడు. అయినను 1794లో ఆ విప్లవ ప్రభుత్వమే ఆయనను చెరలో పెట్టింది. కొన్ని నెలలకు విడుదలై వచ్చి, రాజకీయాలను వదలి, తన పాత్రలను చేపట్టాడు.

మిఠాయి వర్తకునిగా ఆయనకు ఒక విషయం నచ్చేది కాదు. ఆనాడు ఆహారాన్ని నిల్వ చేయడానికి ఉన్న మార్గాలు ఎండబెట్టడం, ఉప్పులో ఊరవేయడం, పొగబెట్టడం, పంచదార పాకంలో వేయడం. మన ఇండ్లలోని ఒరుగులు, ఊరగాయలు ఆ కోవకు చెందినవే. వీటివల్ల పదార్థం నిలుస్తుంది గాని, దాని సహజమైన రుచి నిలువదు. పచ్చిబఠాణీ పచ్చిబఠాణీగానే ఏడాది పాటు ఉండే ఉపాయం లేదా అని అపేర్ ఆలోచించాడు. పదార్థాన్ని సీసాలో నింపి, గాలి చొరకుండ బిరడా బిగించి, ఆ సీసాను మరుగుతున్న నీటిలో ఉంచి చూచాడు. సీసాలు పగిలాయి. బిరడాలు ఎగిరిపోయాయి. కొన్ని సీసాలలోని పదార్థం కుళ్లింది. కొన్ని మాత్రం చెడలేదు. ఏది ఎందుకు నిలిచిందో తేల్చుకోవడానికి ఆయనకు సంవత్సరాలు పట్టింది.

పారిస్‌కు దక్షిణాన మాసీ అనే గ్రామంలో ఆయన కార్మికులతో ఒక పనిశాల స్థాపించాడు. అక్కడి పొలంలోనే బఠాణీలు, చిక్కుళ్లు పండించాడు. కోసిన కాయ సీసాలోకి చేరడానికి ఎంత ఆలస్యమైతే రుచి అంత తగ్గుతుందని ఆయన గ్రహించాడు.

ఈ పనికి సేనతో సంబంధం కలగడం సహజమే. ఆనాటి ఫ్రాన్సు నిరంతరం యుద్ధాలలో మునిగి ఉండేది. ఓడలమీది నావికులు నెలల తరబడి ఉప్పుమాంసం, గట్టి రొట్టెలు తిని బ్రతికేవారు. తాజా ఆహారం లేక స్కర్వీ వ్యాధి పాలై మరణించేవారు. 1803లో బ్రెస్ట్ రేవులో నౌకాదళం అపేర్ పంపిన పదార్థాలను మూడు నెలల పాటు నిల్వ ఉంచి పరీక్షించింది. మాంసరసం బాగున్నదనీ, బఠాణీలు, చిక్కుళ్లు అప్పుడే కోసినట్లున్నాయనీ పరీక్షకులు నివేదించారు. ఆపై 1809లో జాతీయ పరిశ్రమల ప్రోత్సాహక సంఘం ఒక పరిశీలక వర్గాన్ని నియమించింది. బంగాళాదుంపను ఫ్రెంచివారికి అలవాటు చేసిన పార్మాంతియే, రసాయన శాస్త్రవేత్త గిటాన్ ద మోర్వో అందులోనివారు. వారును సంతృప్తి చెందారు.

నెపోలియన్ 1795లో బహుమతి ప్రకటించగా అపేర్ దానికోసం పోటీపడ్డాడని ఒక కథ పలు పుస్తకాలలో కనిపిస్తుంది. 1795 నాటికి నెపోలియన్ దేశాధిపతియే కాడు. జరిగినది వేరు. 1810లో ఫ్రెంచి ఆంతరంగిక వ్యవహారాల మంత్రిత్వశాఖ అపేర్ ముందు రెండు మార్గాలు పెట్టింది. పేటెంటు తీసుకొని, తన పద్ధతిని తన ఆస్తిగా ఉంచుకోవచ్చు. లేదా 12,000 ఫ్రాంకులు స్వీకరించి, పద్ధతిని గ్రంథరూపంలో లోకానికి వెల్లడించవచ్చు. రెండవ మార్గంలో మరొక షరతు కూడ ఉంది. గ్రంథం 200 ప్రతులను తన ఖర్చుతో ముద్రించి ప్రభుత్వానికి అందజేయాలి. అపేర్‌కు అప్పటికి అరువది ఏండ్లు నిండాయి. జీవితమంతా సంపాదించిన రహస్యం అది. ఆయన రెండవ మార్గాన్నే ఎన్నుకొన్నాడు.

ఆ సంవత్సరమే గ్రంథం వెలువడింది. జంతు, వృక్ష సంబంధమైన సమస్త పదార్థాలను అనేక సంవత్సరాలు నిల్వ ఉంచే కళ అని దాని పేరుకు అర్థం. పేరు పెద్దది గాని, పుస్తకంలో ఆడంబరం లేదు. పద్ధతి అంతా నాలుగు పనులలో ఇమిడింది: పదార్థాన్ని సీసాలో పెట్టడం, అత్యంత శ్రద్ధతో బిరడా బిగించడం, నిర్ణీత కాలం మరుగునీటిలో ఉంచడం, తగిన సమయంలో వెలుపలికి తీయడం. ఇంత మాత్రమే చెప్పి ఊరుకొని ఉంటే ఆ పుస్తకం ఎవరికీ ఉపకరించి ఉండేది కాదు. దాని విలువ వివరాలలో ఉంది.

సీసా ఎట్లుండాలి? షాంపేన్ సీసా ఆకారం మేలు, కాని మూతి వెడల్పు కావాలి. గాజు మందం అన్ని చోట్ల ఒకే రీతిగా ఉండాలి. లేకుంటే వేడికి పగులుతుంది. బిరడాను చౌకగా కొనే పిసినారితనం పనికిరాదు. నాలుగు పైసలు మిగుల్చుకోబోయి సీసాలోని సరుకునంతా పోగొట్టుకోవలసి వస్తుంది. బిరడాపై తీగ కట్టాలి. పెద్ద మూతుల సీసాలకైతే సున్నమూ, వెన్న తీసిన పాల జున్నూ కలిపిన ముద్దను పూయాలి. సీసాలు ఒకదానికొకటి తగిలి పగులకుండ ఒక్కొక్కదానికి గుడ్డసంచి తొడగాలి. ఆ తరువాతనే వాటిని నీటితో నిండిన కాగులో నిలబెట్టాలి. మంట ఆర్పిన వెంటనే సీసాలను తీయరాదు. పావుగంట ఆగి, కాగుకు అమర్చిన కుళాయి ద్వారా నీటిని వదలాలి. మరికొంత సేపు ఆగి, మూత తీయాలి. సీసాలు చల్లారిన పిదపనే చేతికి తీసుకోవాలి.

బఠాణీల విషయంలో ఆయన సూక్ష్మదృష్టి చూడదగినది. మరీ లేత బఠాణీలు నీటిలో కరిగిపోతాయి కనుక, మధ్యరకం గింజలను తీసుకోవాలన్నాడు. వాతావరణం చల్లగా, తేమగా ఉన్న ఏడాది గంటన్నర, ఎండలు మండి పొడిగా ఉన్న ఏడాది రెండు గంటలు మరిగించాలన్నాడు. ఈ భేదం గదిలో కూర్చొని ఊహించేవారికి తోచదు. ఒకే పొలంలోని గింజలను ఏటేటా సీసాలకెత్తినవానికే తెలుస్తుంది.

మరొక గుణం దీనికంటె గొప్పదని నాకు తోస్తుంది. స్ట్రాబెరీ పండ్లను ఎన్ని విధాల ప్రయత్నించినను వాటి పరిమళాన్ని నిలుపలేకపోయానని ఆయన ఒప్పుకొన్నాడు. చివరకు పంచదారను ఆశ్రయించవలసి వచ్చిందని వ్రాశాడు. ప్రభుత్వ బహుమతి పొందిన వ్యక్తి తన అపజయాన్ని అచ్చువేయించనవసరం లేదు. అయినను ఆ ఒక్క పుటను చదివిన గృహిణి మిగిలిన పుటలను ధైర్యంగా నమ్మింది. అంతేకాక, సీసాను తెరచిన తరువాత ఆ పదార్థాన్ని ఎట్లు వండుకోవాలో కూడ చివర ఒక భాగం చేర్చాడు. గ్రంథకర్త వంటవాడని అక్కడ స్పష్టమవుతుంది.

అయితే పదార్థం ఎందుకు చెడడం లేదు అన్న ప్రశ్నకు అపేర్ వద్ద సరియైన సమాధానం లేదు. సుప్రసిద్ధ శాస్త్రవేత్త గే-లుస్సాక్ దీనికి కారణం సీసాలో ప్రాణవాయువు లేకపోవడమేనని చెప్పాడు. అదియు పూర్తిగా సరియైనది కాదు. సూక్ష్మజీవులే కుళ్లుకు కారణమనీ, వేడి వాటిని చంపుతుందనీ లూయీ పాశ్చర్ 1860 తరువాతి దశాబ్దంలో నిరూపించాడు. అంటే సిద్ధాంతం కంటె ఏబది ఏండ్ల ముందే ఆచరణ పుస్తకంగా వెలువడింది. సిద్ధాంతం తెలియని లోటు కూడ ఒకటి ఉంది. మరుగునీటి వేడికి చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఉన్నాయి. అందువల్ల నేటి కర్మాగారాలలో కూరగాయలను, మాంసాన్ని ఆవిరి ఒత్తిడితో 100 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచుతారు. అపేర్ చెప్పిన కాలపరిమాణాలను ఈనాడు ఇంటిలో అనుసరించడం ప్రమాదకరం.

పుస్తకం మరుసటి ఏడాదికే, అనగా 1811లో, లండన్‌లో ఆంగ్లంలోకి వచ్చింది. అప్పుడు ఇంగ్లండు ఫ్రాన్సుకు బద్ధశత్రువు. అచ్చయిన పుస్తకానికి సరిహద్దులు ఉండవు కదా! గాజు సీసాకు బదులు తగరపు పూత పూసిన ఇనుప డబ్బాలు వాడే పద్ధతికి 1810లోనే పీటర్ డ్యూరాండ్ ఇంగ్లండులో పేటెంటు పొందాడు. బ్రయాన్ డాంకిన్, ఆయన భాగస్వాములు 1813 నాటికి లండన్‌లో డబ్బాల కర్మాగారం నడిపారు. వారి సరుకు బ్రిటిష్ నౌకలకు చేరింది. సీసా పగులుతుంది, బరువు ఎక్కువ. డబ్బా పగులదు, ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. సరఫరా అధికారికి రుచితో పాటు ఇదీ ముఖ్యమే. 1812లో రష్యాపై దండెత్తిన నెపోలియన్ మహాసేన ఆకలితో క్షీణించినప్పుడు, లక్షల మందికి సరిపడ సీసాలను బండ్లమీద తరలించడం ఊహకు కూడ అందని పని.

1814లో శత్రుసేనలు పారిస్ పరిసరాలను ఆక్రమించినప్పుడు మాసీలోని పనిశాల ధ్వంసమైంది. అపేర్ పారిస్ చేరి, మరల మొదటినుండి ప్రారంభించాడు. డబ్బాలను కూడ చేపట్టాడు. గ్రంథాన్ని సవరించి, కొత్త ముద్రణలు వెలువరించాడు. 1822లో ఆయనకు మానవజాతి ఉపకారి అనే బిరుదు లభించింది. బిరుదు వల్ల అప్పులు తీరలేదు.

1841 జూన్ 1వ తేదీన, తొంబది ఒకటవ ఏట, అపేర్ మాసీలో మరణించాడు. ప్రత్యేకమైన సమాధికి ధనం లేక, పేదలను పూడ్చే ఉమ్మడి గోతిలో ఆయనను ఖననం చేశారు. 1866లో ద్రాక్షాసవంపై వెలువరించిన గ్రంథంలో పాశ్చర్ ఆయన కృషిని స్మరించాడు. 1955లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన పేర తపాలాబిళ్ల విడుదల చేసింది. విజ్ఞాన సర్వస్వాలు మాత్రం చాలకాలం ఆయన పేరును నికొలా అని కాక, ఫ్రాన్సువా అని తప్పుగా అచ్చువేస్తూ వచ్చాయి.